కాలిపర్ బోరులో గుంటలు: మా మారుతి 800 బ్రేకులతో ముప్పై ఏడు రోజులు

ఆగస్టు 8 రాత్రి పాలకొల్లులో పెళ్లి. మాది కోనసీమలో మామిడికుదురు మండలం, గోదావరి పాయ వైనతేయ ఏటిగట్టుకి ఆనుకుని ఉన్న ఊరు. నాన్నగారు, నేను, మా ఆవిడ, పిల్లాడు నలుగురం మారుతి 800లో బయల్దేరాం. 1998 మోడల్, కార్బ్యురేటర్ బండి. నాన్నగారు అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కి తిరిగిన రోజుల్లో కొన్నది. ఇప్పుడు నెలకి రెండు మూడు సార్లు తీస్తాం, అంతే.

దిండి దాటి చించినాడ వంతెన ఎక్కేటప్పుడు బండి బరువుగా లాగుతున్నట్టు అనిపించింది. నలుగురం ఉన్నాం కదా అనుకున్నాను. వంతెన దిగాక ఒకచోట గేదె అడ్డం వస్తే బ్రేకు వేశాను, బండి ఎడమకి గుంజింది. మన డెల్టాలో రోడ్డు పక్కన ఖాళీ స్థలం ఉండదు, కాలువ ఉంటుంది. అది కూడా సరిగ్గా ఎడమ వైపే ఉంది. ఎడమ చక్రం మట్టి బెర్మ్ మీదకి దిగి ఆగింది. మా ఆవిడ పిల్లాడిని పట్టుకున్న చెయ్యి తెల్లవారేదాకా వదల్లేదు.

కల్యాణమండపం దగ్గర దిగితే కాలిన వాసన. ఎడమ ముందు చక్రం మీద బాటిల్లో నీళ్లు కొంచెం పోస్తే లోపల డిస్క్ ప్లేటు సుయ్‌మంది. (వేడి డిస్క్ మీద నీళ్లు పోయకూడదట, వంకర పోతుందట. అప్పటికి తెలీదు.) భోజనాలయ్యేసరికి చల్లారింది. తిరిగి వచ్చేటప్పుడు ముప్పై దాటకుండా, బ్రేకు ముట్టుకోకుండా గేర్ల మీదే నడిపాను. ఇంటికి చేరేసరికి రెండున్నర.

10వ తేదీన దగ్గరి టౌన్‌లో ఒక మెకానిక్‌కి చూపించాను. పేరు వద్దు. మనిషి మంచివాడే. చక్రాలు రెండూ విప్పి చూపించాడు. కాలిపర్ అంటే పిస్టన్‌తో బ్రేకు ప్యాడ్లని డిస్క్ ప్లేటుకి నొక్కే భాగం. ఎడమ కాలిపర్ పిస్టన్ పట్టేసి వెనక్కి రావట్లేదు. కుడిదానిలో పిస్టన్ అసలు ముందుకే రావట్లేదు. అంటే ఒకటి వదలదు, ఇంకోటి పట్టదు. బండి ఎడమకి గుంజక ఏం చేస్తుంది? రెండిటి డస్ట్ కవర్లూ చిరిగి ఉన్నాయి, వాటి మడతల్లో ఎండిపోయిన సన్నటి ఒండ్రు. అది చూడగానే నాకు విషయం అర్థమైంది. 2022 జూలై వరదకి మా పాకలో ఈ బండి మూడు రోజులు సగం చక్రం లోతు నీళ్లలో ఉంది. నీరు తీశాక ఇంజన్ ఆయిల్ మార్చాం, సీట్లు ఎండబెట్టాం, కార్పెట్లు పారేశాం. బ్రేకుల సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. మూడేళ్లు ఆ మట్టి అక్కడే కూర్చుని తడి పట్టుకుని ఇనుముని తింటూ ఉంది.

"కొత్త కాలిపర్లు వేసేద్దామండి" అన్నాడు. పాత మోడల్‌కి కంపెనీవి దొరకలేదు, వేరే తయారీవి ఆర్డర్ పెట్టాం. తొమ్మిది రోజులు ఎదురుచూశాం. 19న వచ్చిన సరుకు మా బండి బ్రాకెట్ మీద కూర్చోలేదు. వెనక్కి పంపితే రెండొందలు కోసుకుని మిగతాది ఇచ్చారు. అప్పుడు మెకానిక్ "ఉన్నవాటికే వాషర్ కిట్లు వేసి చూద్దాం" అన్నాడు. వాషర్ అంటే ఇక్కడ పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు రింగు.

21న ఆ పని జరిగింది. నేను పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. పిస్టన్లు బయటికి తీయడానికి కాలిపర్లని పంక్చర్ షాపుకి పట్టుకెళ్లి గాలి కొట్టాడు. ఎడమది మొండికేసింది. కుర్రాడు ఇంకొంచెం గాలి వదిలాడు. ఢామ్మని పిస్టన్ ఎగిరి ఎదుటి రేకు తలుపుకి కొట్టుకుంది. రేకు సొట్ట పోయింది. ఒక్క క్షణం ముందు ఆ మూతి దగ్గర కుర్రాడి బొటనవేలు ఉంది. దయచేసి ఈ పని ఎవరూ చేయకండి.

లోపల చూస్తే బోరు (పిస్టన్ జారే గుండ్రటి రంధ్రం) గోడ మీద గుంటలు. వేలు పెట్టి తిప్పితే మశూచి మచ్చల్లా తగిలాయి. మెకానిక్ పెదవి విరిచి "బోరు పోయిందండి. అయినా రుద్దుదాం" అని గరుకు ఎమరీ కాగితం వేలికి చుట్టి బోరుని, తర్వాత పిస్టన్‌ని తళతళలాడేదాకా రుద్దాడు. చక్రాల బేరింగులకి పెట్టే గ్రీజు వాషర్లకి రాసి బిగించాడు. ఎడమ కాలిపర్ నిపుల్ (లోపల చిక్కిన గాలిని బయటికి వదిలే చిన్న మర) ఊడలేదు, అందుకని పైపు బోల్టు వదులు చేసి అక్కడినుంచే ఎయిర్ తీశాడు. కిట్లు 360, బ్రేక్ ఆయిల్ 190, మజూరీ 600. మొత్తం 1,150 ఇచ్చి, ఆ మెరుపు చూసి మురిసిపోతూ ఇంటికొచ్చాను. అందులో ఎన్ని తప్పులున్నాయో తర్వాత తెలిసింది.

ఎనిమిది రోజులు బాగానే ఉంది. వినాయక చవితికి మట్టి బొమ్మ, పత్రి అన్నీ ఆ బండిలోనే తెచ్చాం. 29న రాజోలు వెళ్లొచ్చేసరికి మళ్లీ అదే వాసన. ఈసారి రెండు చక్రాలూ వేడి. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం బండిని పాత ఇనుముకి అమ్మేద్దామనిపించింది. నాన్నగారితో అంటే ఆయన మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకుని వచ్చారు.

ఆయన పక్క ఊరి మనిషి. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. కాఫీ తాగి, చొక్కా విప్పి అరుగు మీద పెట్టి, బండి దగ్గరికి వచ్చి మొదట అడిగిన మాట: "పిస్టన్లు గాలితో తీశారా?" అవునన్నాను. "గాలెందుకు బాబూ, కాలుంది కదా" అన్నారు.

ఆయన చెప్పింది ఇది. కాలిపర్‌ని పైపు నుంచి ఊడదీయక ముందే, బ్రాకెట్ నుంచి మాత్రం విప్పి, పిస్టన్ ఎదురుగా చెక్కముక్క పెట్టి, లోపల కూర్చున్నవాళ్లు పెడల్ మెల్లిగా తొక్కాలి. ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. ఎగరదు, పేలదు. రెండో వైపు పిస్టన్ కదలకుండా సీ క్లాంపు బిగించి ఉంచాలి, లేకపోతే వదులుగా ఉన్నది ముందు ఊడిపోయి ఆయిల్ అంతా అటే పోతుంది. అందుకని బిగుసుకున్నదాన్నే ముందు తీయాలి. సెప్టెంబరు 1న అలాగే తీశాం. నేను పెడల్ మీద, ఆయన చక్రం దగ్గర. "ఇంకా... ఇంకా... ఆగు." పది నిమిషాల్లో ఎడమ పిస్టన్ ఆయన అరచేతిలో పడింది.

అప్పుడు తీసిన వాషర్ నా చేతిలో పెట్టారు. పదకొండు రోజుల కింద నా కళ్లముందే కొత్త ప్యాకెట్లోంచి తీసిన రబ్బరు అది. ఇప్పుడు నానిన సగ్గుబియ్యంలా ఉబ్బి మెత్తబడింది. బోరు గోడలో అది కూర్చునే గాడిలో తిరిగి పెడదామంటే చుట్టుకొలత పెరిగిపోయి అలలా లేచి నిలబడింది. మామూలు గ్రీజు, డీజిల్, కిరసనాయిలు, ఇంజన్ ఆయిల్ ఏది తగిలినా ఈ రబ్బరు ఇలాగే ఉబ్బుతుందట. బిగించేటప్పుడు రాయాల్సింది కొత్త బ్రేక్ ఆయిల్, లేదంటే రబ్బరు కోసమే అమ్మే ఎర్ర గ్రీజు. చిన్న డబ్బా 120 రూపాయలు. ఆ డబ్బా లేకపోవడం వల్ల కూడా నా 1,150 నీళ్లపాలయ్యాయి.

పిస్టన్ల సంగతి ఇంకా ఘోరం. వాటికి పైన క్రోమ్ పూత ఉంటుంది. ఎమరీతో రుద్దితే ఆ పూత గీతలు పడి, కొన్నిచోట్ల లేచిపోయి, లోపలి ఇనుము కనబడుతోంది. నేను మురిసిపోయిన మెరుపు అదే.

అదే రోజు ఎడమ నిపుల్ ఊడదీయాలని పెద్దాయన పట్టుబట్టారు. రెండు రాత్రులు తుప్పు వదిలే ఆయిల్ పోసి నానబెట్టాం, 3వ తేదీన గ్యాస్ మంట చూపించాం. పానా పెట్టి తిప్పగానే టక్‌మని విరిగింది, సగం లోపలే ఉండిపోయింది. మర్నాడు పాలకొల్లులో ఒక లేత్ షాపుకి తీసుకెళ్లాను. ఆయన గంటలో డ్రిల్ వేసి ముక్క తీసి, థ్రెడ్ శుభ్రం చేసి ఇచ్చాడు. 250. పనిలో పనిగా బోరు చూపించి "ఈ గుంటలకి ఏం చేయొచ్చు?" అని అడిగాను.

"బోరు పెద్దది చేసి స్టెయిన్‌లెస్ స్లీవు దిగ్గొట్టొచ్చు. కానీ వాషర్ గాడి మళ్లీ లోపల కొట్టాలి, అది కొలత తేడా రాకూడదు. ఒక్కోదానికి 1,800 అవుద్ది, వారం పడద్ది. మీ ఇష్టమండి" అన్నాడు. దాచుకోకుండా చెప్పినందుకు ఆయనంటే గౌరవం కలిగింది. రెండిటికీ 3,600. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ డబ్బు ఎక్కడినుంచి సర్దాలా అని లెక్కలేసుకుంటూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి చెబితే పెద్దాయన నవ్వారు. "గోడకి స్లీవెందుకు? గోడ ఏం పని చేస్తోంది?" అని అడిగారు. నాకు జవాబు తెలీలేదు. ఆయన కాలిపర్‌ని ఎండలో ఒడి మీద పెట్టుకుని చూపించిన పావుగంట ఈ ముప్పై ఏడు రోజుల్లోనూ నాకు పనికొచ్చిన పావుగంట.

డ్రమ్ బ్రేకుల్లో వీల్ సిలిండర్ ఉంటుంది కదా, దానిలో రబ్బరు కప్పు పిస్టన్ మూతికే ఉంటుంది, పిస్టన్‌తో పాటే కదులుతూ బోరు గోడని రాసుకుంటుంది. అక్కడ గోడకి గుంట పడితే ఆయిల్ కారుతుంది, సిలిండర్ పారేయడమే. పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్‌కీ అదే సూత్రం. ఆ అలవాటుతోనే మెకానిక్‌లు డిస్క్ కాలిపర్ బోరు చూసినా భయపడిపోతారు. కానీ ఈ కాలిపర్లో రబ్బరు కదలదు. గోడలో కోసిన గాడిలో చతురస్రపు అంచులున్న వాషర్ కూర్చుంటుంది, దాని మధ్యలోంచి పిస్టన్ జారుతుంది. ఆయిల్ ఆగేది వాషర్‌కీ పిస్టన్ నునుపుకీ మధ్య, వాషర్‌కీ గాడికీ మధ్య. గాడికి లోపలివైపు గోడ ఎటూ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. బయటివైపు గోడకి ఆయిల్ రానే రాదు. అక్కడ ఉన్న గుంటలు చూడ్డానికి అసహ్యంగా ఉంటాయంతే. తుప్పు పెళ్లలు పిస్టన్‌కి అడ్డం పడకుండా శుభ్రం చేస్తే చాలు.

మరి పట్టేయడం ఎందుకు? డిస్క్ బ్రేకులో పిస్టన్‌ని వెనక్కి లాగే స్ప్రింగు లేదు. బ్రేకు వేసినప్పుడు ఆ వాషర్ పిస్టన్‌తో పాటు ఇసుమంత ముందుకి వంగుతుంది, పెడల్ వదలగానే నిటారుగా అవుతూ పిస్టన్‌ని వెనక్కి తెస్తుంది. గాడి అడుగున తుప్పు పేరుకుంటే వాషర్ లోపలికి ఉబికి పిస్టన్ గొంతు పట్టుకుంటుంది. ఇంక వంగదు, వదలదు. మొదటి మెకానిక్ బోరంతా రుద్దాడు కానీ గాడిలో వేలు పెట్టలేదు. కొత్త వాషర్ పాత తుప్పు మీదే కూర్చుంది.

గాడి గోకడానికి నేను స్క్రూడ్రైవర్ అందించబోతే చేతి మీద ఒకటి వేశారు. గీత పడితే అక్కడినుంచే కారుతుందట. నాన్నగారు పెరట్లోకి వెళ్లి చీపురులోంచి నాలుగు కొబ్బరి ఈనెలు లాక్కొచ్చారు. ఈనె కొసని ఏటవాలుగా కోసి, బ్రేక్ ఆయిల్లో ముంచి, గాడి చుట్టూ తిప్పుతూ గోకడం. నలుపు, ఎరుపు, మధ్యలో బూడిదరంగు ఒండ్రు, పొరలు పొరలుగా వచ్చాయి. కొస అరిగిపోతే కోసి మళ్లీ. కుడి కాలిపర్‌కి పదకొండు ఈనెలు పట్టాయి. చివరికి గాడి నాలుగు మూలలూ శుభ్రంగా, గోరు పెట్టి తిప్పితే ఎక్కడా తగలకుండా వచ్చింది. దాని గోడ మీద గుంటలు అలాగే ఉన్నాయి. పెద్దాయన వెయ్యి నంబరు సన్న ఎమరీ కాగితం ఆయిల్లో తడిపి తేలిగ్గా ఒకసారి తిప్పి వదిలేశారు.

ఎడమదాని వంతు వచ్చింది. ఆరో ఈనెకి ఆయన ఆగిపోయారు. టార్చి పట్టమన్నారు. గాడి అడుగున, దాదాపు రెండంగుళాల మేర ఇనుము తినేసి ఉంది. ఈనె కొస అందులో దిగబడుతోంది. "ఇది పోయింది బాబూ" అన్నారు. గోడ మాత్రం కుడిదానికంటే బాగుంది! నిపుల్ తీయించడానికి నిన్న ఇచ్చిన 250 గుర్తొచ్చింది. ముందు గాడి చూసుకుని తర్వాత నిపుల్ సంగతి చూసుండాల్సింది.

సెప్టెంబరు 9, పాత ఎడమ కాలిపర్ కోసం తెల్లవారుజామున నాలుగున్నర బస్సుకి విజయవాడ. పదింటికి ఆటోనగర్లో ఉన్నాను. జేబులో టార్చి, చొక్కా జేబులో మూడు ఈనెలు. పాత సామాన్ల షాపులు తిరుగుతూ ప్రతి కాలిపర్‌కి వాషర్ పీకించి గాడిలో ఈనె తిప్పుతుంటే రెండో షాపాయన "ఏంటి మాస్టారూ, చెవి చూస్తున్నారా?" అని నవ్వాడు. మొదటి షాపులో రెండూ బోరు అద్దంలా ఉన్నాయి, గాడి తినేసి ఉంది. వెనకటి నేనైతే కళ్లుమూసుకుని కొనేవాణ్ణి. మూడో షాపులో దొరికింది. 1,200 చెప్పాడు, 900కి తెగింది. కొత్త పిస్టన్లు రెండు 640, కిట్లు 360, నిపుల్స్ రెండు 80, రాగి వాషర్లు 40, ప్యాడ్లు 550. ఎర్ర గ్రీజు కోసం ఐదు షాపులు తిరిగాను.

11న బిగింపు. ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే నేను పొరపడ్డాను: వాషర్‌ని గాడిలో పెట్టాక చుట్టూ వేలితో తడిమి మెలిక పడలేదని చూసుకోవాలి. పిస్టన్ తిన్నగా, రెండు బొటనవేళ్ల బలంతో దిగాలి. దిగకపోతే సుత్తి తీసుకోకూడదు, బయటికి తీసి మళ్లీ చూడాలి. నాకు మొదటిసారి దిగలేదు, మెలిక ఉంది. కాలిపర్ అటూ ఇటూ జరిగే పిన్నులు కూడా ఎండిపోయి ఉన్నాయి, అవి శుభ్రం చేసి గ్రీజు పెట్టాం. రెండు కాలిపర్లకీ నల్ల రంగు వేసి అరుగు మీద ఆరబెట్టాను. ఆ రంగే కొంప ముంచింది.

12న ఎయిర్ తీయడం మొదలెట్టాం. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్నది ముందు, అంటే ఎడమ. పిల్లాడు పెడల్ మీద, నేను నిపుల్ దగ్గర, "తొక్కు, పట్టుకో, వదులు." రెండు గంటలు. అర లీటరు ఆయిల్ అయిపోయింది. పెడల్ స్పాంజిలా లోపలికి పోతూనే ఉంది. పెద్దాయన ఆ రోజు రాలేదు. నాకు చెమటలు, టెన్షన్. కొత్త వాషర్లు కూడా పోయాయేమో, మళ్లీ విజయవాడేమో అని. ఈ గొడవలో ఒక ఆయిల్ చుక్క ఫెండర్ మీద పడితే తుడుచుకోలేదు, సాయంత్రానికి అక్కడ పెయింటు బొబ్బలెక్కింది. పడిన వెంటనే నీళ్లతో కడగాలి.

పిల్లాడే దిగి వచ్చి వంగి చూసి "నాన్నా, ఆ నిపుల్ కింద ఎందుకుంది?" అన్నాడు. గాలి పైకే కదా పోతుంది! నిపుల్ ఎప్పుడూ కాలిపర్ పైకొసన ఉండాలి. ఒకే నల్ల రంగులో ఉన్న రెంటినీ నేను అటుదిటు బిగించేశాను. గాలంతా పైన చిక్కుకుపోయి, కింద నుంచి ఆయిల్ మాత్రం వస్తోంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. 13న మార్చి బిగించాక ఒక్కో వైపు ఇరవై నిమిషాల్లో పెడల్ రాయిలా నిలబడింది. కానీ రెండో ఆయిల్ బాటిల్ కొనాల్సి వచ్చింది. మిగిలిన సగం దాచిపెట్టబోతే పెద్దాయన పారేయమన్నారు. మూత తీసిన బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీలుస్తుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు పట్టాక 140 దగ్గరే మరగొచ్చు, పైగా లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. మన ఉప్పుగాలిలో రెండేళ్లకోసారి మార్చడం మంచిదన్నారు.

14 పొద్దున్న పొలాల రోడ్డు మీద పదిసార్లు ఇరవైలో, పదిసార్లు నలభైలో బ్రేకు వేసి చూశాను. స్టీరింగ్ వదిలేసినా తిన్నగా ఆగింది. తర్వాత నాన్నగారిని ఎక్కించుకుని చించినాడ వంతెన దాటి వెళ్లాను. అదే కాలువ పక్క దిగి రెండు చక్రాలకీ చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి చూశాం. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి.

ఖర్చు మొత్తం, బస్సు భోజనాలతో, పెద్దాయన వద్దంటున్నా జేబులో పెట్టిన వెయ్యితో కలిపి 6,370. అందులో చాలా డబ్బు తెలీక పోసిందే.

వారం తర్వాత ఎడమ డస్ట్ కవరు అంచున తడి కనబడింది. గుండె జారింది. పెద్దాయనకి ఫోన్ చేస్తే "బిగించేటప్పుడు రాసింది అయ్యుంటుంది. తుడిచి రెండు రోజులాగి చూడు, ఆయిల్ డబ్బా గీత తగ్గిందో లేదో చూడు" అన్నారు. తుడిచాను. మూడో రోజు కాగితం పెట్టి చూస్తే పొడిగానే ఉంది. డబ్బా గీత కూడా కదల్లేదు.